వెళ్లేటప్పుడు ఏడు గంటలు, వచ్చేటప్పుడు తొమ్మిది: ఢిల్లీ–టోక్యో మధ్య దూరం గురించి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఇంటర్, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత భూగోళ శాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ చాప మీద చోటుంది. ఈ బల్ల మీద ఉన్న గ్లోబు మీకు కనబడాలి. ఈరోజు నా ప్రసంగంలో సగం ఈ గ్లోబే చెబుతుంది.

ఢిల్లీ నుంచి టోక్యో ఎంత దూరం? ఇప్పుడు మీలో ఎవరైనా ఫోను తీసి అడిగితే క్షణంలో జవాబు వస్తుంది. దాదాపు 5,860 కిలోమీటర్లు అంటుంది. విమానంలో ఎంతసేపు అని అడిగితే దానికీ ఒక అంకె చెబుతుంది. ఆ అంకెలు తప్పని నేను అనడం లేదు. కానీ ఆ రెండు అంకెల వెనుక ఒక పీఠభూమి ఉంది, ఆకాశంలో పారే ఒక నది ఉంది, బెలూన్లు ఎగరేసి దాన్ని కనిపెట్టిన ఒక మనిషి ఉన్నాడు. ఫోను వాటిని చెప్పదు. వాటిని చెప్పడానికే వచ్చాను.

మా అమ్మాయికి టోక్యోలో ఉద్యోగం. నిరుడు జనవరిలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లాం. నాకు ప్రయాణంలో నోటు పుస్తకం దగ్గర పెట్టుకునే అలవాటు ఉంది. చక్రాలు నేలను వదిలిన నిమిషం, మళ్లీ నేలను తాకిన నిమిషం రాసుకుంటాను. వెళ్లేటప్పుడు విమానం గాలిలో ఉన్నది 6 గంటల 55 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు 9 గంటల 10 నిమిషాలు. అవే రెండు ఊళ్లు, అదే రకం విమానం. తేడా మాత్రం రెండుంపావు గంటలు.

విచిత్రం ఏమిటంటే మా ఆవిడ టికెట్లు చూసి దీనికి సరిగ్గా తలకిందులుగా చెప్పింది. వెళ్లేటప్పటి టికెట్ మీద ఢిల్లీలో రాత్రి 8 గంటలకు బయలుదేరి టోక్యోలో ఉదయం 7 గంటల 10 నిమిషాలకు దిగుతామని ఉంది. అంటే పదకొండు గంటల పైమాట. వచ్చేటప్పటి టికెట్ మీద ఉదయం పదకొండున్నరకు బయలుదేరి సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు ఢిల్లీ. అంటే ఆరు గంటల పది నిమిషాలు. "వచ్చేటప్పుడే తొందరగా వచ్చాం కదా, మీరు తొమ్మిది గంటలని రాసుకున్నారేమిటి?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. గడియారం పొట్టి ప్రయాణాన్ని పొడుగు చేసి చూపించింది, పొడుగు ప్రయాణాన్ని పొట్టి చేసింది. ముందు ఈ గడియారం ముడి విప్పుకుందాం, తర్వాత అసలు విషయానికి వెళదాం.

మన దేశ కాలమానం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఆధారపడి ఉంది. 1906 జనవరి 1 నుంచి అదే పద్ధతి. ఆ రేఖ మన కాకినాడకు బాగా దగ్గరగా పోతుంది. జపాన్ కాలమానానికి ఆధారం 135 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది అకాషి అనే ఊరి మీదుగా పోతుంది. అక్కడి నక్షత్రశాల మీద పెద్ద గడియారంతో ఒక గోపురం కట్టారు. వాళ్లు ఈ పద్ధతిని 1888 జనవరి 1 నుంచే పాటిస్తున్నారు. రెండు రేఖల మధ్య తేడా 52న్నర డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 52న్నరను 15తో భాగించండి. మూడున్నర. కాకినాడ గడియారానికి, అకాషి గడియారానికి మూడున్నర గంటల తేడా అందుకే. పదకొండు గంటల పదిలోంచి మూడున్నర తీసేస్తే 7 గంటల 40 నిమిషాలు. ఆరు గంటల పదికి మూడున్నర కలిపితే 9 గంటల 40 నిమిషాలు. విమానం తలుపు మూశాక రన్‌వే దాకా పాకే సమయం, దిగాక మళ్లీ ద్వారం దాకా పాకే సమయం ఇందులో కలిసి ఉంటాయి. అది తీసేస్తే నా నోటు పుస్తకంలోని లెక్క వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. దారి అదే అయినప్పుడు ఆ రెండుంపావు గంటలు ఎక్కడికి పోయాయి?

ముందు దారి సంగతి చూద్దాం. ఎవరైనా ఒకరు ఇలా రండి. ఈ ఎర్ర దారం పట్టుకో అమ్మా. ఒక కొస ఢిల్లీ మీద పెట్టు, రెండో కొస టోక్యో మీద. ఇప్పుడు బిగించి లాగు. ఎక్కడా వదులు ఉండకూడదు. చూశారా, దారం తనంతట తానే ఒక చోట కుదురుకుంది. గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అదే. దాన్ని మహావృత్తం అంటారు. భూమిని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తంలో ఒక ముక్క అన్నమాట.

ఇప్పుడు దగ్గరగా వచ్చి ఆ దారం ఎక్కడెక్కడ తగులుతోందో చూడండి. ఢిల్లీ 28న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, టోక్యో 35న్నర మీద. గోడ మీది పటంలో గీత గీస్తే దాదాపు తూర్పుకు, కొంచెం ఉత్తరానికి పోవాలి. దారం అలా పోలేదు. ఢిల్లీ నుంచి నేరుగా ఈశాన్యానికి లేచింది. హిమాలయాలు దాటి టిబెట్ మీదికి వెళ్లింది. అక్కడి నుంచి ఉత్తర చైనా, పసుపు సముద్రం, కొరియాలో సియోల్‌కు కాస్త కిందుగా. అక్కడ 37 డిగ్రీల దాకా ఎక్కింది, అంటే టోక్యో కంటే పైకి. తర్వాత కిందికి వాలి టోక్యో చేరింది. పటం మీది తిన్నని గీత పొడవు లెక్క కడితే సుమారు 5,950 కిలోమీటర్లు. దారం పొడవు 5,860. తేడా తొంభై కిలోమీటర్లే. ఈ రెండు ఊళ్లకు అది పెద్ద విషయం కాదు. కానీ నేను ఈ దారం మీ చేత పట్టించింది పొడవు కోసం కాదు, దారం తగిలిన ఆ చోటు కోసం.

టిబెట్. మీ వేలు దాని మీద పెట్టండి. గ్లోబు మీద ముదురు గోధుమ రంగు. ఆ పీఠభూమి సగటు ఎత్తే దాదాపు 4,500 మీటర్లు, అంటే పద్నాలుగు వేల అడుగులు దాటి. విమానాలు ముప్ఫై అయిదు, నలభై వేల అడుగుల ఎత్తులో ఎగురుతాయి కదా, కింద ఎంత ఎత్తు ఉంటే వాటికేం అని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది.

విమానం ఎక్కినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. బయలుదేరే ముందు చూపిస్తారు. లోపల గాలి ఒత్తిడి పడిపోతే తల మీది అర తెరుచుకుని పసుపు రంగు మాస్కు కిందికి జారుతుంది, దాన్ని లాగి ముక్కుకు పెట్టుకోవాలి. చాలా విమానాల్లో ఆ లాగడంతోనే పైన ఉన్న చిన్న డబ్బాలో ఒక రసాయన చర్య మొదలై ప్రాణవాయువు పుడుతుంది. ఆ డబ్బా ఎంతసేపు పని చేస్తుంది? సుమారు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అంతే. అంతసేపే చాలు, ఎందుకంటే ఆ లోపు పైలట్ విమానాన్ని గబగబా పదివేల అడుగుల ఎత్తుకు దించేస్తాడు. అక్కడ మనిషి మాస్కు లేకుండా ఊపిరి తీసుకోగలడు.

మరి కింద నేలే పద్నాలుగు వేల అడుగుల మీద ఉంటే ఎక్కడికి దిగుతాడు? అక్కడ పదివేల అడుగుల ఎత్తు అంటే భూమి లోపల అన్నమాట. పీఠభూమి దాటి తక్కువ ఎత్తు నేల దొరికే దాకా ఎగరాలంటే పదిహేను నిమిషాలు చాలవు. అక్కడ ఎగరడం కుదరదని కాదు. లాసాకు రోజూ విమానాలు దిగుతూనే ఉన్నాయి. వాటికి ఎక్కువసేపు వచ్చే ప్రాణవాయువు ఏర్పాట్లు, తప్పించుకునే దారుల లెక్కలు వేరుగా ఉంటాయి. మామూలు విమానాలు మాత్రం ఆ గోధుమ రంగు మచ్చను చుట్టి పోతాయి. మీ తల మీద వేలాడే ఆ చిన్న డబ్బాలో ఎన్ని నిమిషాల ఊపిరి ఉందన్నదే ఆసియా ఖండం మీద విమానాలు ఏ దారిన పోవాలో నిర్ణయిస్తోంది. పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను టిబెట్‌ను 'ప్రపంచపు పైకప్పు' అనే చెప్పాను. ఆ పైకప్పు అడ్డం అవుతుందని టోక్యో ప్రయాణం కోసం ఇవన్నీ చదివినప్పుడు గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

అందుకే మా విమానం ఢిల్లీలో లేచి ఈశాన్యానికి తిరగలేదు. గంగా మైదానం వెంట తూర్పుకు పోయింది. తర్వాత మయన్మార్ ఉత్తర భాగం, చైనాలో కున్‌మింగ్ ప్రాంతం, అక్కడి నుంచి షాంఘై వైపు, తర్వాత సముద్రం, జపాన్. గ్లోబు మీద కున్‌మింగ్, షాంఘై మీదుగా దారాన్ని మెలిపెట్టి కొలిస్తే సుమారు 6,300 కిలోమీటర్లు వస్తుంది. అంటే ఫోను చెప్పినదాని కంటే 440 కిలోమీటర్లు ఎక్కువ. విమానానికి అది అరగంట ప్రయాణం. ఈ అరగంట పోతున్నప్పుడూ ఉంటుంది, వస్తున్నప్పుడూ ఉంటుంది. కాబట్టి మా ఆవిడ ప్రశ్నకు ఇది జవాబు కాదు.

ఇంతకు ముందు నేను చెబుతుండగానే ఆ కిటికీ దగ్గరి అబ్బాయి ఏదో అనబోయాడు. లేచి చెప్పు నాన్నా. సరే, అతను అంటున్నది మీకు వినబడిందా? "భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, అందువల్ల తేడా వస్తుందేమో" అంటున్నాడు. చాలామందికి వచ్చే ఆలోచన ఇది. కానీ ఒక్కసారి ఆగి చూడండి. భూమి తిరగడం వల్ల అయితే టోక్యో మనకు దూరంగా పరుగెత్తుతూ ఉండాలి, ఢిల్లీ మనకు ఎదురు రావాలి. అప్పుడు వెళ్లేటప్పుడే ఎక్కువసేపు పట్టాలి. జరిగింది దానికి తలకిందులు.

ఢిల్లీ అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,460 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. గాలి కూడా దానితో కలిసి తిరుగుతోంది. గాలి కలిసి రాకపోతే ఒక హెలికాప్టర్ ఢిల్లీలో లేచి గంటసేపు ఊరికే ఆకాశంలో నిలబడి దిగితే ఇరాన్ సరిహద్దు దగ్గర దిగాలి. అలా జరగదు. పరుగెత్తే రైలు పెట్టెలో మీరు ఎగిరి దూకితే ఎక్కడ దూకారో అక్కడే పడతారు. రైలుతో పాటు మీరు, మీతో పాటు పెట్టెలోని గాలి, అన్నీ కలిసే పోతున్నాయి. ఇదీ అంతే.

మరి జవాబు ఎక్కడుంది? మన గోదావరిలో ఉంది. రాజమహేంద్రవరం వైపు నుంచి లాంచీలో పాపికొండలకు వెళ్లినవాళ్లు చేతులెత్తండి. వెళ్లేటప్పుడు ఏటికి ఎదురు పోవాలి, వచ్చేటప్పుడు వాలుకు రావడం. ఇంజను అదే, సరంగు అతనే. వచ్చేటప్పుడు తొందరగా వస్తారు. ఢిల్లీకీ టోక్యోకూ మధ్య ఆకాశంలో అలాంటి నది ఒకటి పడమర నుంచి తూర్పుకు పారుతోంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, వందల కిలోమీటర్ల వెడల్పున, వేల కిలోమీటర్ల పొడవున పారే గాలి అది.

ఎందుకు పుడుతుంది? భూమధ్యరేఖ వైపు గాలి వేడి, ఉత్తరాన గాలి చలి. ఆ తేడా వల్ల పై ఎత్తుల్లో గాలి ఉత్తరానికి పోవాలని చూస్తుంది. తిరిగే భూమి దాన్ని కుడి పక్కకు, అంటే తూర్పుకు మళ్లిస్తుంది. ఇక్కడ భూభ్రమణానికి పాత్ర ఉంది, కిటికీ దగ్గరి అబ్బాయి పూర్తిగా తప్పు చెప్పలేదు. వేడికీ చలికీ తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత వేగం. ఇప్పుడు గ్లోబు మీద జపాన్ చుట్టుపక్కల చూడండి. ఒక పక్క చలికాలంలో గడ్డకట్టే సైబీరియా, ఇంకో పక్క వెచ్చని పసిఫిక్ సముద్రం. పైగా టిబెట్‌కు ఉత్తరంగా ఒక పాయ, దక్షిణంగా ఒక పాయ పోయి ముందుకెళ్లాక కలుస్తాయి. అందుకే చలికాలంలో జపాన్ మీదా దాని తూర్పు సముద్రం మీదా పారే జెట్ స్ట్రీమ్ ప్రపంచంలోనే అత్యంత బలమైనది. మేము వెళ్లింది సరిగ్గా జనవరిలో.

సీటు ముందు తెర మీద విమానం వేగం కనిపిస్తుంది కదా. సముద్రం దాటుతున్నప్పుడు అది గంటకు 1,100 కిలోమీటర్లు దాటింది. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పటిలాగే తొమ్మిది వందల వేగంతోనే పోతోంది. మిగిలిన రెండు వందలు గాలి మోసుకుపోవడం. తిరుగు ప్రయాణంలో అదే చోట తెర మీద ఏడు వందలకు దగ్గరగా ఉంది. ఆ అంకె చూస్తున్నప్పుడు గోదావరిలో ఎదురీదే లాంచీ మోత నాకు గుర్తొచ్చింది.

ఇక్కడ కాగితం తీసి ఒక చిన్న లెక్క వేయండి. దారి 6,300 కిలోమీటర్లు. విమానం వేగం 900. గాలి లేకపోతే సరిగ్గా 7 గంటలు. ఇప్పుడు దారి పొడవునా గాలి వంద అనుకోండి. వెళ్లేటప్పుడు వేగం వెయ్యి, అంటే 6 గంటల 18 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం ఎనిమిది వందలు, అంటే దాదాపు 7 గంటల 52 నిమిషాలు. వెళ్లేటప్పుడు 42 నిమిషాలు కలిసొచ్చాయి. వచ్చేటప్పుడు 52 నిమిషాలు పోయాయి. రెండూ సమానం కాలేదు! గాలిని రెండు వందలు చేసి చూడండి. వెళ్లడం 5 గంటల 44 నిమిషాలు, రావడం సరిగ్గా 9 గంటలు. లాభం గంటా పదహారు నిమిషాలు, నష్టం రెండు గంటలు. గాలి వెళ్లేటప్పుడు ఇచ్చినదాని కంటే వచ్చేటప్పుడు ఎక్కువే తీసుకుంటుంది. ఎందుకో ఆలోచించండి. సాయపడే గాలిలో విమానం తక్కువసేపు ఉంటుంది, తొందరగా దాటేస్తుంది. అడ్డుపడే గాలిలో నెమ్మదిగా పోతూ ఎక్కువసేపు ఉంటుంది. పడవ, ప్రవాహం లెక్కలు మీరు హైస్కూల్లో చేశారు. ఆ లెక్క కోసం ఈరోజు ఎన్ని టన్నుల ఇంధనం నింపాలో విమాన సంస్థలు రోజూ తల పట్టుకుంటాయి.

ఇప్పుడు ఆ నదిని కనిపెట్టిన మనిషి గురించి చెప్పాలి. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఆయన కోసం.

టోక్యోకు ఈశాన్యంగా, ఇప్పటి త్సుకుబా నగరంలో తతెనో అనే చోటు ఉంది. 1920లలో అక్కడి పై గాలుల పరిశోధనాలయానికి అధిపతి ఒయిషి వాసబురో. పని ఏమిటంటే హైడ్రోజన్ నింపిన చిన్న బెలూన్‌ను వదలడం. అది ఎంత వేగంతో పైకి లేస్తుందో ముందే తెలుసు. నేల మీద థియోడొలైట్ ఉంటుంది, సర్వే చేసేవాళ్లు మూడుకాళ్ల బల్ల మీద పెట్టుకునే దుర్భిణి అది. అందులోంచి బెలూన్‌ను వదలకుండా చూస్తూ, ఎంత పైకి, ఎటు పక్కకు జరిగిందో కోణాలు రాసుకుంటూ పోవాలి. చలికాలపు ఆకాశంలో ఒక తెల్ల చుక్క చిన్నదై చిన్నదై కనుమరుగయ్యే దాకా కన్ను తీయకూడదు. ఆ కోణాల నుంచి ఏ ఎత్తులో గాలి ఎంత వేగంతో ఉందో లెక్క తీయాలి. 1923 మార్చి నుంచి 1925 ఫిబ్రవరి దాకా ఇలాంటి పరిశీలనలు 1,288 లెక్కకు వచ్చాయి. పైకి పోయేకొద్దీ, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి ఎవరూ ఊహించనంత వేగంతో వీస్తోందని ఆయనకు తేలింది.

1926లో దాన్ని అచ్చు వేశారు. ఏ భాషలో? ఎస్పరాంతోలో. ప్రపంచంలో ఎవరి సొంత భాషా కాని, అందరూ సమానంగా నేర్చుకోగల భాష కావాలని తయారు చేసిన భాష అది. ఆయన ఆ ఉద్యమంలో గట్టి మనిషి. అందరికీ అందాలని ఆ భాషలో రాశారు. అది ఎవరికీ అందలేదు. జపాన్ బయట దాన్ని చదివి పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. తన భాషకూ, బలవంతుల భాషలకూ మధ్య నలిగిపోకుండా ఒక న్యాయమైన దారి వెతికిన మనిషి శ్రమ అలా పడి ఉండిపోయింది.

తర్వాత ఆ గాలి యుద్ధంలో బయటపడింది. 1944 నవంబరు 24న అమెరికా బి-29 విమానాలు మరియానా దీవుల నుంచి వచ్చి, టోక్యో పక్కన ముసాషినోలోని విమాన ఇంజన్ల కర్మాగారం మీద చాలా ఎత్తు నుంచి బాంబులు వేశాయి. కింద గురి చూస్తే పైన గాలి ఈడ్చుకుపోయింది. ఎక్కువ బాంబులు గురి తప్పాయి. అదే నెలలో జపాన్ సైన్యం అదే గాలిని ఆయుధం చేసుకుంది. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితాన్ని పొరలు పొరలుగా అతికించి, పది మీటర్ల వెడల్పు బెలూన్లు తయారు చేయించి, బాంబులు కట్టి వదిలారు. 1945 ఏప్రిల్ దాకా దాదాపు 9,300 బెలూన్లు. ఆ కాగితాలు అతికించినవాళ్లలో మీ వయసు బడిపిల్లలు ఎందరో ఉన్నారు. పసిఫిక్ దాటి అమెరికా చేరింది వాటిలో కొన్ని వందలే. 1945 మే 5న ఆరెగాన్ రాష్ట్రంలో వనభోజనానికి వెళ్లిన పిల్లలకు అడవిలో ఒకటి కనబడింది. అయిదుగురు పిల్లలు, వాళ్లతో ఉన్న గర్భిణి ఒకామె చనిపోయారు. తతెనోలో కన్ను తీయకుండా చూసిన ఆ తెల్ల చుక్కలకూ ఈ చావులకూ ఏ సంబంధమూ ఉండకూడదు. కానీ గాలి అదే.

మన వంతు కూడా ఒకటుంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. మనకు నైరుతి రుతుపవనాలు వచ్చే నెలల్లో ఈ పడమటి నది టిబెట్‌కు ఉత్తరంగా జరిగిపోతుంది. అప్పుడు దక్షిణ భారతం మీద, చాలా ఎత్తులో, దానికి ఎదురు దిశలో ఇంకో నది పారుతుంది. తూర్పు నుంచి పడమరకు. దాన్ని గుర్తించి, 1950లలో దాని లెక్కలను ప్రపంచం ముందు పెట్టినవారు పి. కోటేశ్వరం. తెలుగువారు. తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. మన వానలకూ ఆ గాలికీ ఉన్న సంబంధం ఇప్పుడు ప్రతి వాతావరణ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. ఆయన పేరు ఈ గదిలో ఎంతమందికి తెలుసు? చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. రాసుకోండి.

ఈ జరుగుబాటు వల్లే ఢిల్లీ–టోక్యో ప్రయాణంలో వెళ్లడానికీ రావడానికీ తేడా జూలై, ఆగస్టుల్లో బాగా తగ్గుతుంది. నేను జనవరిలో కాక శ్రావణ మాసంలో వెళ్లి ఉంటే మా ఆవిడ ఆ ప్రశ్న అడిగేదే కాదేమో.

మీ ఇళ్లలో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉంటారు. అడిగి చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఎక్కువసేపు, ఇంటికి వచ్చేటప్పుడు తక్కువసేపు అని చెబుతారు. ఇంటికి వస్తున్న సంతోషంలో అలా అనిపిస్తుందని కొందరు అనుకుంటారు. నిజంగానే తక్కువ. అదే గాలి వాళ్లను ఇంటికి నెడుతుంది. భూమధ్యరేఖ దగ్గరి సింగపూర్‌కు, హైదరాబాద్‌కు మధ్య మాత్రం ఈ తేడా అంతగా ఉండదు.

గాలి, కొండలు కాక మనుషులు పెట్టే అడ్డాలు కూడా ఉన్నాయి. దాని గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటి చెబుతాను. ఢిల్లీ నుంచి తాష్కెంట్ దారం మీద సుమారు 1,580 కిలోమీటర్లు. టోక్యో దూరంలో మూడో వంతు కూడా లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. చుట్టు తిరిగి పోవాలంటే అక్కడికి నడిచే చిన్న విమానాల్లో పట్టే ఇంధనం చాలలేదు. మన దేశపు విమాన సంస్థ ఒకటి ఆ సర్వీసునే ఆపేసింది. తాష్కెంట్ ఉన్నచోటే ఉంది. ఢిల్లీ ఉన్నచోటే ఉంది.

చివరి ముక్క కూడా ఒకటి కొలవాలి. టోక్యో అని టికెట్ మీద ఉన్నా దిగేది ఎక్కడ? నగరాన్ని ఆనుకుని సముద్రపు ఒడ్డున హనెదా ఉంది. 1978లో తెరిచిన నరితా విమానాశ్రయం నగరం నడిబొడ్డు నుంచి అరవై కిలోమీటర్ల దూరం. గాలి మీకు గంట మిగిల్చినా, నరితాలో దిగితే దాదాపు అంతా రైల్లో ఖర్చవుతుంది. మేము దిగింది అక్కడే. మా అమ్మాయి ద్వారం దగ్గర నిలబడి ఉంది. "ఇంత తొందరగా వచ్చేశారేమిటి నాన్నా, నేను ఇప్పుడే వచ్చాను" అంది. రైల్లో కూర్చున్నాక కారణం చెప్పడం మొదలుపెడితే ఇల్లు వచ్చేసింది.

1955లో ఎయిర్ ఇండియా టోక్యోకు మొదటిసారి విమానం నడిపినప్పుడు అది నాలుగు పంకాల సూపర్ కాన్‌స్టలేషన్. బ్యాంకాక్‌లో, హాంకాంగ్‌లో ఆగుతూ పోయేది. ఆ దారిని కూడా ఈ గ్లోబు మీద కొలవండి. ఎక్కడెక్కడ ఆగిందో అక్కడ వేలితో దారాన్ని నొక్కి పట్టుకోవాలి, అప్పుడే సరిగ్గా వస్తుంది. గ్లోబు మీద భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి, ఆ పొడవు 40,000 కిలోమీటర్లు అనుకుంటే మిగతా లెక్క మీరే తీయగలరు. గ్లోబు, దారం, స్కేలు ఈ బల్ల మీదే ఉంచుతున్నాను. గ్రంథాలయం ఎనిమిది గంటల దాకా తెరిచి ఉంటుందని గ్రంథపాలకులు చెప్పారు. నేనూ అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. మొదట ఎవరు కొలుస్తారు?